నిమిషానికి 33 కాదు, వారానికి ఒకటి

గ్రామఫోను రికార్డును వినే వస్తువనుకోవడం మన జాతి చేసిన పెద్ద పొరపాటని నాకు ఈమధ్యే తెలిసింది. తెలియజెప్పింది నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఉండే మా బావ. ఆయన హాల్లో గోడకి ఆరు ఫ్రేములు, వాటిలో ఆరు ఎల్పీ రికార్డుల అట్టలు. ప్రతి ఆదివారం టిఫినయ్యాక ఆ ఆరూ దిగి మరో ఆరు ఎక్కుతాయి. మొత్తం 36. ఇంట్లో రికార్డు ప్లేయరు మాత్రం లేదు. ఎందుకు లేదని అడిగాను, అమాయకుణ్ణి. "ఉంటే దుమ్ము తుడవాల గదా బామ్మర్దీ" అన్నాడు.

నిమిషానికి 33 చుట్లు, లెక్క ప్రకారం పైన ఇంకో మూడో వంతు కూడా తిరగాల్సిన సరుకు ఇప్పుడు వారానికి ఒక్కసారి తిరుగుతోంది. అదీ అట్ట మాత్రమే. సూది అరగదు, కరెంటు కాలదు, పక్కింటివాళ్ళకి నిద్ర చెడదు. మొదట్లో రికార్డులు చింతపండు పొట్లంలా ఉత్త కాగితంలోనే వచ్చేవి. అట్ట మీద మంచి బొమ్మ వేస్తే రికార్డు బాగా అమ్ముడుపోతుందని 1940 ప్రాంతంలో అమెరికాలో కొలంబియా కంపెనీ ఆర్టిస్టు అలెక్స్ స్టైన్‌వైస్ చేసి చూపించాడు. పాపం, సగం దూరమే ఆలోచించాడు. అట్ట ఉంటే రికార్డుతో పనేముందన్నది తేలడానికి మా బావ పుట్టాల్సొచ్చింది. అరటిపండు పారేసి తొక్క దాచుకోవడంలోని సుఖం అందరికీ అందదు.

ఫ్రేముల పని అంత తేలిగ్గా తెమల్లేదు. స్టోన్‌హౌస్‌పేట వడ్రంగికి "12 అంగుళాల రికార్డు" అని చెప్పాడు బావ. ఆయన సరిగ్గా 12కే కోసి తెచ్చాడు. రికార్డు 12 అంగుళాలే గానీ, అది దూరాల్సిన అట్ట కాస్త పెద్దదిగా ఉంటుంది కదా, పట్టలేదు. "పావంగుళం కత్తిరిస్తే పోలా సార్? ఇంతకీ ఏ దేవుడివి ఇవి?" అన్నాడు వడ్రంగి, కత్తెర కోసం చుట్టూ చూస్తూ. బావ అట్టలన్నీ గుండెకి హత్తుకుని లోపలికెళ్ళి బీపీ మాత్ర వేసుకున్నాడు.

ఏ వారం ఏ అట్ట అన్నదానికి పంచాంగం లాంటిది ఒకటుంది. వియ్యాలవారొచ్చే వారం ఎమ్మెస్ సుబ్బులక్ష్మి. అమెరికా అల్లుడొస్తే బీటిల్స్. అప్పు అడిగేవాళ్ళు వస్తారని ముందే తెలిస్తే విషాద గీతాలు. బాలుగారి వంతు ఆరు వారాలకోసారి. తిప్పరాజువారి వీధిలోని సొంతింటినే 2020లో వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేసిన మనిషికి, అదే నెల్లూర్లో మా బావ గోడ మీద ఏడు రోజులు చోటు దొరుకుతోంది. ఆ వారం పాట కూడా వినిపిస్తుంది లెండి, ఫోన్లో. పల్లవికీ చరణానికీ మధ్య డిటర్జెంటు ప్రకటనతో సహా.

పోయిన నెల అత్తయ్య ఒక అట్టని తిప్పి చూసింది. వెనక బుచ్చిరెడ్డిపాళెం వైపు ఏదో మైకు సెట్టు వాళ్ళ రబ్బరు ముద్ర, సగం చెరిగిపోయి. పెళ్ళిళ్ళలో వేపచెట్టుకి హారన్ కట్టి ఊరంతా వినిపించిన సరుకన్నమాట. ఆమె ముఖం వెలిగిపోయింది. "మీ అక్క పెళ్ళిలో మోగింది ఇదేరా. ఒక్కసారి పెట్టు."

"పెట్టే ఉంది గదమ్మా" అన్నాడు బావ, గోడ చూపిస్తూ.

మరి లోపలి రికార్డులేమయ్యాయంటే, బియ్యం సంచిలో కట్టి అటకెక్కించారు. అక్కడే ఉన్నాయనుకున్నాను. మొన్న మిద్దె మీదకెళితే అత్తయ్య వాటిని వరసగా పరిచి బూడిదగుమ్మడి వడియాలు పెడుతోంది. నెల్లూరు ఎండకి సగం రికార్డులు అంచులు లేచి పళ్ళేలయ్యాయి.

"నల్లటివి గదా, తొందరగా ఎండతన్నాయి" అంది. "అంచు లేస్తే ఇంకా మంచిది, వడియం దొర్లిపోదు. ఈ నడిమధ్యన బెజ్జం ఎందుకు పెట్టారో గానీ."