దిగుమతి బురద

మా బావమరిది బురద కొన్నాడు.

ఇంకోసారి చదువుకోండి. బెంగళూరులో, వర్తూరు రోడ్డుకి కూతవేటు దూరంలో, జూలై నెలలో, బుద్ధీ జ్ఞానం ఉన్న మనిషి డబ్బులు పోసి బురద కొన్నాడు. 24 మిల్లీలీటర్ల డబ్బా. ఇంగ్లండు నుంచి తెప్పించి, కస్టమ్స్ కట్టి మరీ.

వాడికి ఓ పిచ్చి ఉంది. వేలెడంత సైనికుల బొమ్మల్ని బల్ల మీద నిలబెట్టి, పాచికలు వేసి, టేపుతో కొలిచి యుద్ధాలు చేస్తాడు. ఒక్కో సైనికుడు 28 మిల్లీమీటర్లు. ప్రష్యా అనే పాత జర్మన్ రాజ్యపు సైన్యం 1824లోనే తన అధికారుల శిక్షణకి ఇలాంటి ఆటను తీసుకుంది కాబట్టి దీన్ని పిల్లల ఆట అనకూడదట. నేనొకసారి అన్నాను. దసరాకి బొమ్మల కొలువు పెట్టుకోరా, పేరంటాళ్లన్నా వస్తారు అని కూడా అన్నాను. మూడు నెలలు మాటల్లేవు.

ఇప్పుడు వాడి దగ్గర ఉన్నది నెపోలియన్ సైన్యం. దళానికి 24 మంది చొప్పున అయిదు దళాలు, వెరసి 120 మంది. అందరికీ నీలం కోటు, ఎర్ర కాలరు, ఛాతీ మీద ఏటవాలుగా తెల్ల పట్టీ. రంగులయ్యాక ప్రతివాడి కాళ్ల కింద రూపాయి బిళ్లంత చక్రం ఒకటి ఉంటుంది. అది ప్లాస్టిక్‌లా కాక నేలలా కనిపించాలి. దాన్ని బేసింగ్ అంటారు. బురద అవసరం అక్కడ పడింది.

పార్సిల్ పదకొండు రోజులు దారిలో ఉంది. ఆ పదకొండు రోజులూ వాడు ఫోనులో ట్రాకింగ్ చూసుకుంటూ, పురిటి గది బయట నిలబడ్డవాడిలా టెన్షన్ పడ్డాడు. "ముంబైలో ఆపేశారు బావా, ఏముందని రాశారో ఏంటో." ఏం రాస్తారు నాయనా, బురద అని రాస్తారు. ఆ కస్టమ్స్ ఆఫీసరు జీవితంలో ఎన్ని చూసుంటాడో గానీ, ఈ దేశంలోకి బురద కొరతగా ఉందని తెప్పించుకున్నవాణ్ని అదే మొదటిసారి చూసుంటాడు.

డబ్బా వచ్చిన సాయంత్రం నన్ను పిలిచాడు. వానలో పణత్తూరు రైలు వంతెన కింద నలభై నిమిషాలు ఇరుక్కుని, చివరికి బండి దిగి తోసుకుంటూ వెళ్లాను. గుమ్మంలోనే మా చెల్లెలు, అంటే వాడి భార్య, అడ్డం నిలబడింది.

"అన్నయ్యా, ఆ బురదతో లోపలికి రాకండి, ఇప్పుడే తుడిచాను."

బూట్లు బయట విడిచి లోపలికెళ్తే, భోజనాల బల్ల మీద పేపరు పరిచి, చేతులకి గ్లవ్స్ వేసుకుని మావాడు డబ్బా మూత తిప్పుతున్నాడు. తీర్థం పుచ్చుకునేవాడి ముఖం. లోపల గోధుమ రంగు ముద్ద, అందులో నాలుగు ఇసుక పలుకులు. అదే చెల్లెలు దాన్ని వంగి చూసి "బాగుంది కదన్నయ్యా" అంది. తలుపుకి అటు బురదైతే కసురుడు, ఇటు బురదైతే మురిపెం.

"బయట నా బూట్లకి అరకిలో ఉందిరా, గీక్కో" అన్నాను.

"అది ఎర్రగా ఉంటుంది బావా. ఇది యూరప్ బురద. మనవాళ్లు ఉన్నది వాటర్లూలో."

నిజమే, వాటర్లూలో బురద ఉంది. 1815 జూన్ 18 యుద్ధానికి ముందు రాత్రంతా కుండపోత. నేల ఆరాలని నెపోలియన్ దాడిని పొద్దెక్కేదాకా ఆపాడని చెబుతారు. కానీ నాయనా, ఆ రోజు నెపోలియన్ నెత్తిన కూర్చున్నది ఇంగ్లీషువాళ్లు. నువ్వు ఫ్రెంచి సైన్యాన్ని ఇంగ్లండు బురదలో నిలబెట్టి, దానికి చరిత్ర అని పేరు పెడుతున్నావు!

పైగా వాటర్లూలో గెలిచిన ఆ వెల్లింగ్టన్ దొర అంతకు పదహారేళ్ల ముందు ఎక్కడున్నాడనుకున్నారు? ఇక్కడే. 1799 ఏప్రిల్‌లో, శ్రీరంగపట్నం దగ్గర సుల్తాన్‌పేట తోపులో, రాత్రి చీకట్లో, కాలువల మధ్య దారి తప్పి, మోకాలికి దెబ్బ తగిలించుకుని వెనక్కి నడిచాడు. ఆయన బూట్లకు మా నేల అంటాకే వాటర్లూ బురద అంటింది. సీనియారిటీ లెక్కన చూసినా మాదే ముందు.

ఆ డబ్బాలో ఉన్నది ఇసుక, జిగురు, రంగు. ఫెవికాల్‌లో ఇసుక కలిపి కాస్త గోధుమరంగు వేస్తే అదే వస్తుంది. జల్లించిన ఇసుక కావాలంటే వీధి చివర వేరుశనక్కాయలు వేయించే బండి ఉంది. అతని మూకుడులోది సన్నగా జల్లించిందే, పురుగూ పుట్రా లేకుండా రోజూ వేగుతున్నదే. గుప్పెడు అడిగితే ఇస్తాడు, చేతిలో నాలుగు కాయలు కూడా పెడతాడు.

ఇక్కడిదాకా నేను నవ్వుతూనే ఉన్నాను.

తర్వాత తెలిసింది, ఆ 120 మందికి రంగులు వేసింది వాడు కాదు. కోలారు నుంచి వచ్చి కె.ఆర్.పురంలో అద్దెకుంటున్న ఓ కుర్రాడు. ఫ్రేములోంచి కత్తిరించడం, అచ్చు గీతలు గీకడం, ప్రైమర్, మూడు రంగులు, నీడలు, చివర్న కళ్లు. ఎంత గుంపుగా వేసినా బొమ్మకి గంటన్నర పడుతుందట. 120 బొమ్మలకి 180 గంటలు. గాలిలో తడి ఉంటే ప్రైమర్ గరుకు తేలుతుందని ఎండ కోసం వారం ఆగాడు. మావాడు దానికి లేటు అని పేరు పెట్టి కూలిలో కొంత కోశాడు. బల్క్ కదా అని కొంత. బేసులు నేనే చేసుకుంటాగా అని ఇంకొంత.

ఆ కుర్రాడు బొమ్మలు తెచ్చిచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. చెప్పుల పెట్టెలో స్పాంజి పరిచి తెచ్చాడు. వరస పెడుతూ పెడుతూ డప్పువాడి దగ్గర ఆగి, "సార్, ఎడమ బూటు మీద చిన్న గీత మిగిలిపోయింది" అని వాడే చెప్పి, అక్కడే నేల మీద కూర్చుని, జేబులోంచి బ్రష్ తీసి దిద్దాడు. భూతద్దం పెట్టినా మాకెవరికీ కనపడని గీత. "చూశావా, నువ్వే ఒప్పుకున్నావు" అని మావాడు దానికీ తగ్గించాడు!

సిగ్గుండాలి. బురద మీద రాసిన ధరకి నోరెత్తలేదు. పన్నుకి నోరెత్తలేదు. మనిషి చెయ్యి కనపడేసరికి బేరం పుట్టుకొచ్చింది. చిత్రకళా పరిషత్తు ఎగ్జిబిషన్‌లో కొండపల్లి బొమ్మల స్టాలు ముందు కూడా ఇదే చూశాను. తెల్ల పొణికి కర్ర చెక్కి, చింతగింజల మక్కు పెట్టి అతికి, ఇంటిల్లిపాదీ కూర్చుని రంగులేసిన దశావతారాల సెట్టుని చేత్తో పట్టుకుని, "పదింటికి రెండు ఫ్రీగా ఇవ్వు" అన్నాడొక పెద్దమనిషి. ఏ రెండు అవతారాలు ఎక్కువయ్యాయో ఆయనకి!

నిన్న మావాడింటికి ఆటగాళ్లు వచ్చారు. అందరూ వంగి వంగి చూస్తున్నారు. ఆ డప్పువాడి మీసం కింద గడ్డం గీసుకున్న నీలి నీడ కూడా ఉంది. "ఎంత ఓపిక మీకు!" అన్నారు. మావాడు ఇబ్బందిగా నవ్వి, "బురదే కష్టమండీ" అన్నాడు.

ఇప్పుడు గడ్డి కోసం ఎదురుచూస్తున్నాడు. బేసు మీద అంటించే చిన్న చిన్న కుచ్చులు, అవీ విదేశీవే. ట్రాకింగ్ నంబరు నేనడక్కుండానే పంపాడు. ఆ కుర్రాడి ఫోను నంబరు పంపరా అంటే మాత్రం, "ఎందుకు బావా?" అన్నాడు.