శేషాచలం వింత జంతువు: సందేశంలో నిలిచే మాట ఎంత?

శేషాచలం అడవుల్లో సైన్సుకు తెలియని జంతువు తిరుగుతోందట. మనిషి పాదమంత అడుగులట, ఇదిగో ఫోటో అట, మెరిసే ఎర్రటి కళ్లను ముగ్గురు చూశారట, అంతరించిందనుకున్నాక మళ్లీ కనబడ్డ కలివికోడి పక్షిలాగే ఇదీ దొరుకుతుందట. యువకులంతా వెతకడానికి కదలాలట. తిరుపతిలో ఫోను ఫోనుకూ చేరుతున్న సందేశమిది.

అడుగుల సంగతే ముందు. ఫోటోలో స్కేలు కాదు కదా, అగ్గిపెట్టె కూడా లేదు. మరి కొలిచిందెవరు? ఈ కొండల్లో ఎలుగుబంట్లున్నాయి. ఎలుగు వెనక కాలికి ఐదు వేళ్లు, మడమ ఉంటాయి. ముందుకాలి గుర్తు మీద వెనక కాలు కాస్త పడితే రెండూ కలిసి ఒకే పొడవాటి పాదంలా కనిపిస్తాయి. ఫోటోను పెద్దది చేసి చూడండి, వేళ్లకు ముందు గోళ్ల గీతలు విడివిడిగా ఉన్నాయి! హిమాలయాల్లో తిరుగుతుందనే మంచు మనిషి 'యెతి'వని చెప్పిన తొమ్మిది నమూనాలకు డీఎన్ఏ పరీక్ష చేస్తే ఎనిమిది ఎలుగులవి, ఒకటి కుక్కది అని 2017లో తేలింది.

ముగ్గురు చూశారన్నది కొట్టిపారేయవలసిన మాట కాదు. కానీ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి, బొమ్మ చూపించి "ఇదేనా?" అని అడిగితే దక్కేది ఒక్క సాక్ష్యమే. ఎంత దూరం నుంచి చూశారు, వెలుతురు ఎటుంది, పక్కనున్న పొద ఎంత ఎత్తు అని విడివిడిగా అడగాలి. బొమ్మ వాళ్లచేతే గీయించాలి. మెరిసే ఎర్రటి కళ్లంటారా, టార్చి వేస్తే జానెడు దేవాంగపిల్లి కళ్లూ అలాగే మెరుస్తాయి.

కలివికోడి పేరు వాడుకోవడమే నాకు ఒళ్లు మండించింది. దానికి 1848లోనే శాస్త్రీయ నామం ఉంది. 1900 తర్వాత జాడలేక అంతరించిందనుకున్నారు. పరిశోధకులు పల్లెల్లో వేటగాళ్లను ఓపికగా అడిగారు, 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర పక్షే చేతికొచ్చింది. ఎవరికీ తెలియని జంతువే ఉదాహరణగా కావాలంటే వియత్నాం అడవుల్లోని కొమ్ముల జంతువు సావోలా ఉంది. 1992లో వేటగాళ్ల ఇళ్లలో దాని కొమ్ములు దొరికాయి. సందేశం రాసిన పెద్దమనిషి దగ్గర వెంట్రుక కూడా లేదు.

ఇక అడవికి పిలుపు. అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులోకి వెళ్లడం నేరం. 2023లో అలిపిరి నడకదారిలోనే చిరుత ఒక చిన్నారిని చంపింది. వింత అడుగు మీ పొలం గట్టున కనిపిస్తే పక్కన స్కేలు పెట్టి నేరుగా పైనుంచి ఫోటో తీయండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీయండి. తేదీ, చోటు రాసి అటవీ శాఖకు అందించండి. అసలు ఫోటోను ఫోనులోనే ఉంచుకోండి, ఫార్వర్డ్ చేసినదానిలో తీసిన సమయం, చోటు వివరాలు చాలాసార్లు మిగలవు.