ఒప్పందాన్ని కాగితం ముక్క అనకండి: నవంబరు 1 ఫార్వర్డ్‌కు ఒక కర్నూలువాడి జవాబు

నవంబరు వచ్చిందంటే చాలు, మా స్కూల్ బ్యాచ్ గ్రూపులో అదే మెసేజ్. పైన తెలుగుతల్లి బొమ్మ, కింద ఎర్రక్షరాల్లో "1956: అసలు నిజాలు", చివర "ప్రతి తెలుగువాడికీ పంపండి". ఒకడు పెడతాడు, ఇంకొకడు దండం ఎమోజీ పెట్టి ఫ్యామిలీ గ్రూపులోకి తోస్తాడు, సాయంత్రానికి అది మా బావ దగ్గర్నుంచి మళ్లీ నాకే వస్తుంది. పంపేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. 2014లో విడిపోయిన బాధ ఇంకా తీరనివాళ్లు. ఆ బాధ నాకూ ఉంది. కానీ బాధ ఉందని అబద్ధాన్ని పిల్లలకి చరిత్ర అని చెబుతుంటే ఎన్నేళ్లని ఊరుకోవాలి?

మెసేజ్ చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది చెప్తాను. తెలుగువాళ్లంతా ఒకే రాష్ట్రంగా ఉండాలని పొట్టి శ్రీరాములు ప్రాణమిచ్చారు. రాష్ట్రాల పునర్విభజన కోసం కేంద్రం వేసిన ఫజల్ అలీ కమిషన్ ఆంధ్ర, తెలంగాణ రెండింటినీ కలపమంది. హైదరాబాద్ అసెంబ్లీ మూడింట రెండొంతుల మెజారిటీతో ఒప్పుకుంది. వెనకబడ్డ తెలంగాణను ఆంధ్ర డబ్బుతో పోషించారు. హైదరాబాద్ రాష్ట్రంలో ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు ఆంధ్రుల మీద ద్వేషంతో పుట్టాయి. విలీనానికి ముందు రెండు ప్రాంతాల నాయకులు రాసుకున్న పెద్దమనుషుల ఒప్పందం చట్టబద్ధత లేని కాగితం ముక్క, దాన్ని పట్టుకుని పదవులు దక్కని నాయకులు 1969లో ప్రత్యేక తెలంగాణ గొడవ లేవదీశారు. విడిపోదామన్నది ఎప్పుడూ తెలంగాణే. చివరగా, కర్నూలు సంతోషంగా రాజధానిని త్యాగం చేసింది.

పొట్టి శ్రీరాములు గారు దీక్షకు కూర్చున్నది 1952 అక్టోబరు 19న, మద్రాసులో. ప్రాణం విడిచింది డిసెంబరు 15న. ఆయన అడిగింది మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్రను వేరు చేయమని. ఆ ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న పదకొండు జిల్లాలతో వచ్చింది కూడా. హైదరాబాద్‌తో విలీనం ఆయన దీక్షలో లేదు. ఒక మనిషి యాభై ఎనిమిది రోజులు తిండి మానేసి చనిపోతే, దేనికోసం చనిపోయాడో అదైనా సరిగ్గా చెప్పడం మన కనీస బాధ్యత కాదా?

ముల్కీ నిబంధనలు 1919 నాటి నిజాం ఫర్మానాతో వచ్చినవి. అప్పటి కోపమంతా ఉత్తరాది నుంచి వచ్చి సర్కారు కొలువులు పట్టేసేవాళ్ల మీద. ఆంధ్ర రాష్ట్రం అనేదే లేని రోజుల్లో ఆంధ్రుల మీద ద్వేషం ఎక్కడిది? ఇక విడిపోదామన్నది తెలంగాణ ఒక్కటేనా? 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయనగానే ఆంధ్రను విడదీయండి, జై ఆంధ్ర అంటూ రోడ్లెక్కింది మనవాళ్లే. మా కర్నూలు జిల్లా నాయకుడు, అప్పటి ఉపముఖ్యమంత్రి బి.వి. సుబ్బారెడ్డి ఆ ఉద్యమంలోనే నిలబడ్డారు. ఈ రెండింటి గురించి ఇంతకు మించి రాయను.

ఫజల్ అలీ కమిషన్ సంగతి చూద్దాం. ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్ ముగ్గురూ 1955 సెప్టెంబరు 30న నివేదిక ఇచ్చారు. విశాలాంధ్ర, అంటే ఆంధ్ర, తెలంగాణ కలిసిన రాష్ట్రం వల్ల లాభాలేమిటో వివరంగా రాశారు. కృష్ణా, గోదావరి జలాల నిర్వహణ సులువవుతుందన్నారు, రాజధాని సమస్య తీరుతుందన్నారు. ఫార్వర్డ్‌లు తయారుచేసేవాళ్లు ఇక్కడిదాకా చదివి పుస్తకం మూసేస్తారు. తర్వాతి పేజీల్లో ఉన్నది వేరు. తెలంగాణను ప్రస్తుతానికి హైదరాబాద్ రాష్ట్రం పేరుతో విడిగా ఉంచమన్నారు. 1961 ప్రాంతంలో జరిగే సాధారణ ఎన్నికల తర్వాత, ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో కోరితే అప్పుడు ఆంధ్రతో కలపమన్నారు. "కలపమంది" అని రాసేవాళ్లు ఈ షరతు చదవలేదా, చదివి దాచారా? చదువు ఎక్కువున్న కోస్తావాళ్లు తమను ముంచేస్తారన్న భయం తెలంగాణ జనంలో ఉందని కూడా కమిషన్ రాసింది. అంటే ఆ భయాన్ని ఉద్యమ నాయకులు 1969లో పుట్టించలేదు. 1955 నాటికే ప్రభుత్వ నివేదికకు ఎక్కింది. దానికీ మూడేళ్ల ముందు, 1952 సెప్టెంబరులో, నాన్‌ముల్కీల, అంటే స్థానికేతరుల నియామకాలకు వ్యతిరేకంగా హైదరాబాద్‌లో విద్యార్థులు వీధుల్లోకొస్తే సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పులు జరిగాయి.

అసెంబ్లీ మెజారిటీ అన్నారు. ఓటింగే జరగలేదు. 1955 చివర్లో హైదరాబాద్ శాసనసభ కమిషన్ నివేదిక మీద చర్చించింది, సభ్యులు తమ అభిప్రాయాలు చెప్పారు, అంతే. సరే, మెసేజ్‌లో ఇచ్చిన అంకెలే తీసుకుందాం. సభ్యులు 174 మంది, మాట్లాడినవాళ్లు 147 మంది, విలీనం కావాలన్నవాళ్లు 103 మంది అని వాళ్లే రాశారు. 174లో మూడింట రెండొంతులంటే 116. ఇక ఆ 103 మందిలో అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్న మరాఠ్వాడా వాళ్లు, కన్నడ జిల్లాల వాళ్లు కూడా ఉన్నారు. తెలంగాణ ఎవరితో ఉండాలో ఔరంగాబాద్, గుల్బర్గా సభ్యులు తేలుస్తారా? తెలంగాణ సభ్యులు 94 మందిలో 59 మంది అనుకూలమని అదే మెసేజ్ చెబుతోంది. 94లో మూడింట రెండొంతులకు 63 మంది కావాలి. వాళ్ల అంకెలే వాళ్ల మాటను నిలబెట్టడం లేదు. ఫార్వర్డ్ కొట్టే ముందు ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిస్తే సరిపోయేది కదరా!

అయితే ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఇది నా తెలంగాణ మిత్రులకు నచ్చదు. ఆ 59 చిన్న అంకె కాదు, సగానికి పైనే. విశాలాంధ్ర కోరిక కోస్తా నాయకులు తెలంగాణ నెత్తిన రుద్దింది మాత్రమే కాదు. నిజాం పాలనలో మాడపాటి హనుమంతరావు లాంటివాళ్లు పెట్టుకున్న సంఘం ఆంధ్రజన సంఘమే. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగింది ఆంధ్ర మహాసభే. నిజాంను ఎదిరించిన తెలంగాణ కమ్యూనిస్టుల నినాదమే విశాలాంధ్ర. 1952 ఎన్నికల్లో నల్గొండ నుంచి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లతో గెలిచిన రావి నారాయణరెడ్డి ఆ పార్టీ మనిషే. "అదంతా ఆంధ్రోళ్ల కుట్ర" అంటూ అటువైపు తిరిగే మెసేజ్ ఈ మనుషులందరినీ ఒక్క దెబ్బకు చరిత్రలోంచి తుడిచేస్తుంది. అదీ తప్పే. కలవాలన్న కోరిక నిజం. దానికి పెట్టుకున్న షరతులూ అంతే నిజం.

పోషించారన్న మాట చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. తెలంగాణ తనంతట తాను నిలబడగల రాష్ట్రమని, ఏడాదికి సుమారు 17 కోట్ల రూపాయల రాబడి ఉంటుందని కమిషనే లెక్కగట్టింది. ఆంధ్ర రాష్ట్రం పుట్టిన రోజు నుంచీ డబ్బుకు ఇబ్బంది పడుతోందని కూడా రాసింది. తెలంగాణకు ఎక్సైజు మీద ఏటా 5 కోట్ల దాకా వచ్చేది. మన దగ్గర మద్రాసు కాలం నాటి మద్యనిషేధం. ఆ నిషేధం గొడవలోనే 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం పడిపోయింది. తలసరి రాబడి తక్కువున్న మనం ఎక్కువున్నవాళ్లను పోషించామా? ఈ మాట తెలంగాణవాళ్ల ముందు అనగలరా?

ఇక అన్నిటికంటే నన్ను బాధపెట్టేది, ఒప్పందం కాగితం ముక్క అన్న మాట. దీన్ని వదలను.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కూర్చుని సంతకాలు చేసినవాళ్లు ఎవరు? ఆంధ్ర తరఫున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ తరఫున బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. వీళ్లలో ఇద్దరు అప్పటికి ముఖ్యమంత్రులు. అంతకు ముందే, 1955 నవంబరు 25న, ఆంధ్ర శాసనసభ తీర్మానం చేసింది: తెలంగాణ అభివృద్ధిని ప్రత్యేక బాధ్యతగా తీసుకుంటాం, ఉద్యోగాల్లో, చదువుల్లో జనాభాను బట్టి వాటా ఇస్తాం అని. అడిగింది వాళ్లే కాదు, ఇస్తామని ముందుగా సభలో నిలబడి చెప్పింది మనం.

ఒప్పందంలో ఏముంది? ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు. మంత్రివర్గంలో అరవై, నలభై నిష్పత్తి. తెలంగాణ మిగులు డబ్బు తెలంగాణకే ఖర్చు. ఉద్యోగాలకు పన్నెండేళ్ల స్థానికత. తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకాల మీద, తెలంగాణ ప్రయోజనాలు చూసే ప్రాంతీయ మండలికి అదుపు. వీటిలో అర్థంకానిది ఏదైనా ఉందా? నవంబరు 1న రాష్ట్రం ఏర్పడితే, మొదటి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేరు. సిరా ఆరి తొమ్మిది నెలలు కూడా కాలేదు.

"చట్టబద్ధత లేదు" అని లాయరు ధోరణిలో రాశారు కాబట్టి చట్టం గురించే మాట్లాడుకుందాం. ఆ ఒప్పందంలోని ప్రాంతీయ మండలిని ప్రాంతీయ సంఘం పేరుతో 1956లోనే 7వ సవరణ ద్వారా రాజ్యాంగంలో, 371వ అధికరణంలో పెట్టారు. 1958లో రాష్ట్రపతి ఉత్తర్వుతో అది ఏర్పడింది. ఉద్యోగాల స్థానికత కోసం 1957లో పార్లమెంటు ఏకంగా ఒక చట్టమే చేసింది. చివరికి 1973లో ఆ ప్రాంతీయ సంఘాన్ని రద్దు చేయాలంటే మళ్లీ రాజ్యాంగ సవరణే చేయాల్సి వచ్చింది, అది 32వది. కాగితం ముక్కను చింపడానికి పార్లమెంటు ఎందుకు కూర్చోవాల్సి వచ్చిందో ఆ మెసేజ్ రాసిన పెద్దమనిషి చెప్పాలి.

అమలు చేయలేదన్నది కూడా ఉద్యమకారుల ఆరోపణ మాత్రమే కాదు. కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వమే 1969 జనవరి 19న అఖిలపక్షంతో ఒప్పందం చేసుకుని, రెండు రోజులకే జీవో 36 ఇచ్చింది. తెలంగాణవాళ్ల ఉద్యోగాల్లో నిబంధనలకు విరుద్ధంగా చేరిన స్థానికేతరులను తప్పించమని దాని సారాంశం. తప్పు జరగకపోతే తప్పించడం దేనికి? మిగులు నిధుల లెక్క తేల్చడానికి కుమార్ లలిత్ అనే లెక్కల అధికారిని వేస్తే, 1956 నుంచి 1968 మార్చి దాకా తెలంగాణకు ఖర్చు పెట్టకుండా మిగిలిపోయింది 34 కోట్ల పైచిలుకని తేల్చారు. పైన చెప్పాను, 1955లో ఆ ప్రాంతం ఏడాది రాబడే 17 కోట్లు. అంటే రెండేళ్ల రాబడంత! భూముల అమ్మకానికి అనుమతి తీసుకోవాలన్న హైదరాబాద్ కౌలుదారీ చట్టంలోని 47వ సెక్షన్‌ను 1969లోనే ఎత్తేశారు, సరిగ్గా ఉద్యమం మండుతున్న ఏడాదే.

ఇవన్నీ పక్కనపెట్టి, పాల్వంచ థర్మల్ స్టేషన్ దగ్గర ఉద్యోగాల కోసం మొదలైన గొడవను, ఖమ్మంలో ఒక విద్యార్థి చేసిన నిరాహార దీక్షను "పదవులు దక్కని నాయకుల గొడవ" అనేశారు. నాయకులు తర్వాత ఎక్కారు, నిజమే. చెన్నారెడ్డి ఆ ఉద్యమంలో పుట్టిన తెలంగాణ ప్రజాసమితి పార్టీని కాంగ్రెస్‌లో కలిపేసిన సంగతీ తెలుసు. కానీ 1971 లోక్‌సభ ఎన్నికల్లో, దేశమంతా ఇందిర గాలి వీస్తుంటే, తెలంగాణలోని 14 సీట్లలో 10 ఆ ప్రజాసమితికే వచ్చాయి. ఓటేసిన లక్షల మంది కూడా పదవులు దక్కనివాళ్లేనా? పోలీసు తూటాలకు పడిపోయిన పిల్లలు ఏ పదవి అడిగారు?

ఒప్పందాలు తేలిక అనేవాళ్లు కోస్తాలో ఉంటే నాకు కోపం వస్తుంది. కర్నూలులో ఉండి ఆ మాటే ఫార్వర్డ్ చేస్తుంటే కడుపు రగులుతుంది. మనకు శ్రీబాగ్ ఒప్పందం లేదా? 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కోస్తా, సీమ నాయకులు రాసుకున్నది కూడా ఒప్పందమే. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమకు ఇవ్వాలని, ఏది కావాలో సీమే ఎంచుకోవాలని. తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్లలో ముందు సీమ అవసరాలు చూడాలని. దానికీ చట్టబద్ధత లేదని మనకు చెబితే ఊరుకుంటామా? సీమ సభల్లో ఇప్పటికీ మైకు ముందు శ్రీబాగ్ పేరెత్తి మాట్లాడే మనమే, మహబూబ్‌నగర్‌వాడి ఒప్పందాన్ని కాగితం ముక్క అంటే ఎలా?

కర్నూలు "సంతోషంగా త్యాగం చేసింది" అన్న మాటకు ఇక్కడే జవాబు. గుడారాల్లో ఆఫీసులు పెట్టుకుని నడిపిన రాజధాని మాది, మూడేళ్లు. ఆ సౌకర్యాలు చాలవని, హైదరాబాద్‌లో అసెంబ్లీ భవనం, హైకోర్టు, యూనివర్సిటీ, ఉస్మానియా ఆసుపత్రి సిద్ధంగా ఉన్నాయని అక్కడికి వెళ్లారు. వెళ్లడంలో తప్పు లేదు, నేనైనా అదే చేసేవాణ్ణేమో. కానీ ఆ రోజుతో రాజధాని పోయింది కర్నూలు నుంచి, హైకోర్టు పోయింది గుంటూరు నుంచి, రెండూ ఒకేచోటికి చేరాయి. శ్రీబాగ్ ప్రకారం ఈ రెంటిలో ఒకటి సీమలో ఉండాలి. ఢిల్లీలో సంతకాల నాడు గుంటూరులో హైకోర్టు బెంచి ఉండాలని మన ప్రతినిధులు పట్టుబట్టారు, అది తేలలేదు. ఆ సంతకాల్లో అనంతపురం నాయకుడు సంజీవరెడ్డి సంతకమూ ఉంది. ఒప్పందంలో కర్నూలు ఊసే లేదు.