గ్రీన్ కార్డు దగ్గరే ఆగిపోయినవాళ్లకి

ఈ మధ్య ఏ తెలుగువాళ్లింటికి భోజనాలకి వెళ్లినా ఒకటే చర్చ. సిటిజన్‌షిప్ తీసుకోవాలా, వద్దా. ఇరవై ఏళ్లు దాటింది అమెరికా వచ్చి. ఇల్లు కొనుక్కున్నారు, పిల్లలు కాలేజీలకొచ్చారు. అప్లికేషన్ మాటెత్తేసరికి మాత్రం "చూద్దాంలే" అంటారు. ఎందుకాగారని గట్టిగా అడిగితే అందరి దగ్గరా అవే జవాబులు. ఊళ్లో పొలం పోతుంది, అక్కడ ఓటు పోతుంది, అమ్మానాన్నలకి దూరమైపోతాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా. ఇంకో రెండుమూడేళ్లలో ఇండియా వెళ్లి స్థిరపడదామని నిజంగా అనుకుంటున్నవాళ్లకి నా మాట వర్తించదు. వాళ్లకి అసలు తీసుకోకపోవడమే మంచిది. అమెరికా పౌరుడు ఏ దేశంలో ఉన్నా బతికినంతకాలం ఇక్కడ ట్యాక్స్ రిటర్న్ వెయ్యాలి, అక్కడి బ్యాంకు ఖాతాల లెక్కలు చెప్పాలి, ఆ తలనొప్పి ఎందుకు? మిగతావాళ్లు, అంటే ఇక వెనక్కి వెళ్లం అని మనసులో ఎప్పుడో తేల్చేసుకుని పైకి మాత్రం చెప్పనివాళ్లు, తీసుకోవాలి. తీసుకుని ఓటెయ్యాలి.

పొలం సంగతి ముందు. అసలు గుబులంతా దాని మీదే. అన్నయ్యలూ, తమ్ముళ్లూ, ఒక్కసారి ఫెమా, అంటే భారత విదేశీ మారక ద్రవ్య చట్టం, నిబంధనలు చదవండి. ఎన్నారైకి, చేతిలో భారత పాస్‌పోర్ట్ ఉన్నా సరే, వ్యవసాయ భూమి గానీ తోట గానీ ఫామ్‌హౌస్ గానీ కొనే హక్కు లేదు. ఓసీఐ కార్డున్నవాళ్లకీ, అంటే వేరే దేశ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే కార్డున్నవాళ్లకీ, అదే నిబంధన. అంటే కొనే హక్కు మీరు పాస్‌పోర్ట్ మార్చుకున్నప్పుడు పోయేది కాదు, ఉద్యోగానికని ఇక్కడికొచ్చి స్థిరపడ్డప్పుడే పోయింది. ఫ్లాట్లూ ఇళ్ల స్థలాలూ ఇద్దరూ కొనుక్కోవచ్చు. మీరు ఇండియాలో ఉండగా కొన్న పొలం మీదే. అక్కడే ఉన్న మీ నాన్నగారి పొలం వారసత్వంగా వస్తే అదీ మీదే, అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నా. అమ్మాలనుకుంటే మాత్రం దేశంలో ఉంటున్న భారత పౌరుడికే అమ్మాలి. చాలామంది దెబ్బతినేది గిఫ్ట్ డీడ్ దగ్గర. "నేనుండగానే నీ పేరు మీద రాసేస్తానురా" అని పెద్దాయన అంటాడు, రిజిస్ట్రారాఫీసుకి తీసుకెళ్తారు. వ్యవసాయ భూమిని అలా ఎన్నారైకి రాయడం కుదరదు, ఓసీఐకీ కుదరదు. వీలునామా రాయించండి, అది వేరే దారి. మంచి లాయర్ని పట్టుకుని గంట కూర్చుంటే తేలిపోయే విషయానికి పదేళ్లు భయపడుతూ కూర్చోవడం ఎందుకు?

ఇక అక్కడి ఓటు. 2010లో చట్టం సవరించి విదేశాల్లో ఉన్న భారత పౌరులకి ఓటరుగా నమోదయ్యే హక్కు ఇచ్చారు. ఫారం 6ఎ నింపాలి, పాస్‌పోర్ట్‌లో ఉన్న చిరునామా ఏ నియోజకవర్గంలో ఉంటే అక్కడ ఓటు. కానీ పోలింగ్ రోజు బూత్‌కి స్వయంగా వెళ్లి వెయ్యాలి, పోస్టులో పంపే వీల్లేదు. 2024 మేలో ఆంధ్ర ఎన్నికలకి సెలవు పెట్టుకుని, అంత ఖర్చు పెట్టుకుని విమానమెక్కి వెళ్లినవాళ్లున్నారు. ఏ పార్టీకి వేశారన్నది నాకనవసరం, వాళ్లంటే నాకు గౌరవం. వాళ్లు "నా ఓటు వదులుకోలేను" అంటే ఒప్పుకుంటాను. కానీ ఆ ఫారం ఎలా ఉంటుందో కూడా చూడనివాళ్లు, ఇక్కడికొచ్చాక ఒక్క ఎన్నికకీ వెళ్లనివాళ్లు అదే మాట అంటే ఎలా? అక్కడా వెయ్యక, ఇక్కడా వెయ్యక రెండు దశాబ్దాలు గడిచిపోయాయి.

అమ్మానాన్నల విషయంలో నాకు నిజంగా కోపం వస్తుంది. ఎందుకంటే మనవాళ్లు నమ్ముతున్నది అసలు నిజానికి పూర్తిగా తలకిందులు. గ్రీన్ కార్డుని శాశ్వత నివాసం అంటారు గానీ అది ఉంటున్నంతకాలమే ఉంటుంది. ఏడాది దాటి బయట ఉండిపోతే ఆ కార్డుతో తిరిగి రానివ్వరు. ఆరు నెలలు దాటినా ప్రశ్నలు మొదలు. ఎక్కువకాలం బయట ఉండి తిరిగి రావడానికి రీ ఎంట్రీ పర్మిట్ ఉంది కదా అంటారు. దానికి అమెరికాలో ఉండగానే అప్లై చెయ్యాలి. పెద్దవాళ్లకి పక్షవాతం వచ్చే ముందు కబురు పెట్టి వస్తుందా?

మా అమ్మకి వచ్చినప్పుడు తెనాలి దగ్గర మా ఊళ్లోనే ఉంది. కుడిచెయ్యి పడిపోయింది. ఫిజియోథెరపీ అబ్బాయి రోజూ పొద్దున్నే వచ్చి చేతిలో రబ్బరు బంతి పెట్టి నొక్కమనేవాడు. మొదట్లో ఆ బంతి జారి మంచం కిందకి దొర్లిపోయేది. ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం ఇష్టం లేక, చెంచాతో తినడం నామోషీ అనిపించి, సగం అన్నం వదిలేసేది. నేను కలిపి పెడితే తినేది. నా దగ్గర ఓసీఐ ఉంది, ఎన్నాళ్లున్నా అడిగేవాళ్లు లేరు, పోలీస్ స్టేషన్‌లో నమోదు కూడా అక్కర్లేదు. అందుకని అమ్మ బంతి గట్టిగా పట్టుకునేదాకా ఉన్నాను. అదే సమయంలో మా పెదనాన్నగారి అబ్బాయి వాళ్ల నాన్న కోసం వచ్చాడు. గ్రీన్ కార్డు. నెలలు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. పెదనాన్న ఇంకా మంచం మీద ఉండగానే తిరుగు ప్రయాణం కట్టాడు. వెళ్తూ "నీకు పర్లేదే, నువ్వు సిటిజన్‌వి" అన్నాడు. ఇండియా మీద ప్రేమతో పాస్‌పోర్ట్ వదులుకోనన్నది వాడే.

అమ్మానాన్నల్ని ఇక్కడికే తెచ్చుకుందామన్నా అంతే. గ్రీన్ కార్డున్నవాళ్లు తల్లిదండ్రులకి గ్రీన్ కార్డు స్పాన్సర్ చెయ్యలేరు. 21 ఏళ్లు నిండిన పౌరులే చెయ్యగలరు, వాళ్లకి కోటా క్యూ కూడా ఉండదు. లేకపోతే విజిటర్ వీసా మీద ఆరేసి నెలలు తిప్పడమే.

అయితే ఏమీ పోదని నేను అనను. పోతుంది. ప్రమాణం చేశాక పాత పాస్‌పోర్ట్ అప్పజెప్పి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. నాది మూల కత్తిరించి, రద్దు ముద్ర వేసి తిరిగొచ్చింది. అందులో కాలేజీ రోజుల ఫోటో ఉంది, రెండు జడలతో, తెనాలి స్టూడియోలో తీయించుకున్నది. ఆ రోజు ఏడ్చాను. అది సహజం. ఏడవనివాళ్లకి దేశం మీద ప్రేమ లేదనీ కాదు.

కానీ మా బాబాయ్ లాంటివాళ్లు "దేశాన్ని వదిలేశావామ్మా" అంటారు చూడండి, ఆ మాట దగ్గర నేను ఊరుకోను. మనం వదిలెయ్యలేదు. రెండూ ఉంచుకోవచ్చంటే అందరం ఉంచుకునేవాళ్లం. రాజ్యాంగంలోని 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ కలిసి, వేరే దేశ పౌరసత్వం తీసుకుంటే ఇది పోయినట్టే అన్నాయి. ఆ చట్టం మార్చమని అడగాల్సింది ఢిల్లీని. 2005లో మొదలైన ఓసీఐని ద్వంద్వ పౌరసత్వం అని ప్రచారం చేసినవాళ్లున్నారు. అది జీవితకాలపు వీసా, అంతే. ఓటు లేదు, ఎన్నికల్లో నిలబడే హక్కు లేదు, ప్రభుత్వం రద్దు చెయ్యగలదు. 2021 నోటిఫికేషన్ ప్రకారం పరిశోధనకైనా జర్నలిజానికైనా ముందు ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. దాని మీద మన తెలుగు సంఘాలు గట్టిగా మాట్లాడాలి. సభల్లో నాయకులకి శాలువాలు కప్పేటప్పుడైనా అడగొచ్చు కదా.

ఇక్కడి పౌరసత్వం ఇంత తేలిగ్గా ఫారం నింపితే వచ్చేది కాదు ఒకప్పుడు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరులు కాలేరంది. అప్పటికే పౌరసత్వం వచ్చినవాళ్లకీ తీసేశారు. శాన్ ఫ్రాన్సిస్కోలో వైష్ణో దాస్ బగాయ్ అనే వ్యాపారి 1921లో పౌరుడయ్యాడు. ఆ తీర్పు తర్వాత పౌరసత్వం లాక్కున్నారు, ఆస్తి అమ్ముకోవాల్సొచ్చింది. ఇండియా వెళ్దామంటే బ్రిటిష్ పాస్‌పోర్ట్ తీసుకోమన్నారు. వాళ్ల మీద కోపంతో దేశం విడిచి వచ్చిన మనిషి ఆయన. 1928లో ఉత్తరం రాసిపెట్టి ప్రాణం తీసుకున్నాడు. 1946లో లూస్ సెల్లర్ చట్టం వచ్చేదాకా ఇదే పరిస్థితి. మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావుగారు ఇక్కడ పనిచేసిన కాలంలో ఎక్కువ భాగం మనవాళ్లకి పౌరసత్వం అడిగే హక్కే లేదు. ఇవాళ ఆ హక్కు మీ బల్ల సొరుగులో పడి ఉంది.

మాది న్యూజెర్సీ. ప్రాపర్టీ ట్యాక్స్ కట్టేటప్పుడు ప్రాణం పోతుంది, అందులో పెద్ద వాటా బడికే పోతుంది. ఆ డబ్బెలా ఖర్చుపెట్టాలో తేల్చే స్కూల్ బోర్డు ఎన్నికకి వచ్చేవాళ్లు చాలా తక్కువ. 2017లో ఎడిసన్‌లో ఫల్గుణి పటేల్, జెర్రీ షీ స్కూల్ బోర్డుకి నిలబడితే, వాళ్ల ఫోటోల మీద 'డిపోర్ట్' అని ముద్ర వేసి ఇంటింటికీ కార్డులు పంపారు. ఇద్దరూ గెలిచారు. గెలిపించింది ఓట్లే. అలాంటి కార్డు చూసి కోపం తెచ్చుకుని వాట్సాప్‌లో పంచుకోవడం గ్రీన్ కార్డుతో కుదురుతుంది, ఓటు మాత్రం కుదరదు. (ఇంకో మాట. డ్రైవింగ్ లైసెన్స్ ఫారంలో ఓటరు నమోదు ప్రశ్న వస్తే, పౌరులు కానివాళ్లు చూసుకోకుండా అవునని టిక్ పెట్టకండి. దేశం నుంచి పంపించేదాకా వెళ్తుంది.) హైదరాబాద్‌లో పుట్టి ఏడేళ్లప్పుడు ఇక్కడికొచ్చిన అరుణా మిల్లర్ 2000లో పౌరురాలయ్యారు. 2010లో మేరీలాండ్ శాసనసభకి గెలిచారు, 2023 జనవరిలో ఆ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేశారు. అందరూ అంతదాకా వెళ్లక్కర్లేదు. బడి బోర్డు ఓటు చాలు.

మీతోపాటు ఇక్కడ ఉంటున్న పెద్దవాళ్లని కూడా కదిలించండి. "నాకు ఇంగ్లీషేం వచ్చమ్మా" అని వాళ్లు వెనక్కి తగ్గుతారు. 55 ఏళ్లు నిండి గ్రీన్ కార్డు వచ్చి 15 ఏళ్లయినా, 50 నిండి 20 ఏళ్లయినా ఇంగ్లీషు పరీక్ష లేదు. పౌర విజ్ఞానం ప్రశ్నలకి దుబాసీని పెట్టుకుని తెలుగులోనే జవాబు చెప్పొచ్చు. మా అత్తగారు అలాగే పాసయ్యారు. మొన్న నవంబరులో బ్యాలెట్ మీద ఉన్న పేర్లన్నీ నా చేత చదివించుకుని, ఎవరేం చేస్తామన్నారో అడిగి, మా ఆయన చెప్పినవాళ్లకి కాకుండా తనకి నచ్చినవాళ్లకి వేసి వచ్చారు.