మడతకు కారణం కాంతి ఒక్కటే కాదు

నల్ల సిరా గీతలు ముద్రించిన ప్లాస్టిక్ పలకపై పరారుణ కాంతి (కంటికి కనిపించని, వేడి పుట్టించే కాంతి) పడగానే అది దానంతట అదే పెట్టెలా ముడుచుకుంటుందని, ఇలాంటి పలకల గురించి నేను చదివిన ఒక వ్యాసంలో చక్కగా వివరించారు గానీ, ఎందుకు ముడుచుకుంటుందన్న అసలు సంగతిని ఒక్క వాక్యంతో దాటేశారు. 2011లో ఈ పద్ధతిని చూపిన, అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీకి చెందిన మైకేల్ డికీ, యాన్ గెంజర్ బృందం వాడినది ముందే వేడి మీద సాగదీసి, సాగిన స్థితిలోనే చల్లార్చిన పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ పలక. నల్ల గీత కాంతిని ఎక్కువగా పీల్చుకోవడంతో దాని కిందనున్న భాగం మాత్రమే సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాటి మెత్తబడి, తన పాత పొడవుకు కుంచించుకుపోవడం మొదలుపెడుతుంది. ఆ క్షణంలో సిరా ఉన్న పైముఖం అడుగుముఖం కన్నా వేడిగా ఉంటుంది కాబట్టి ముందుగా అదే కుంచించుకుని, పలకను తన వైపుకు వంచుతుంది. గీత ఎంత వెడల్పుగా ఉంటే మడత అంత ఎక్కువగా పడుతుంది. దీపం కింద మరీ ఎక్కువసేపు ఉంచితే మాత్రం వేడి పలకంతటా పాకి, ఆకారమే చెడిపోతుంది.

ఇక ఈ పలకలతో మళ్లీ మళ్లీ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే కవాటాలు (వాల్వులు) చేయవచ్చని వ్యాసకర్త ఊహించిన విషయం నాకు అంగీకారం కాదు. ఒకసారి ముడుచుకున్న ఈ పలకను చదును చేయాలంటే మళ్లీ వేడిచేసి బలంగా సాగదీయవలసిందే. కనుక ఒక్కసారి ముడుచుకుంటే సరిపోయే ప్యాకేజింగ్ వంటి పనులకే ఇది తగినది.