సమానం ఎక్కడండీ?

మా అత్తగారి ఊరు కాకినాడ. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో తోటి అల్లుళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గుమ్మంలో చెప్పులు విప్పేలోపే సెట్‌టాప్ బాక్సు రిమోటు చేతిలో పెడతారు. తర్వాత ఇన్వర్టర్, గీజరు, పక్కింటివాళ్ల ప్రింటరు. ఒకసారి కుట్టు మిషను కూడా. నేను జావా ప్రోగ్రాములు రాస్తానండీ అని పదిహేనేళ్లుగా మొత్తుకుంటున్నాను. ఒక్కరూ వినరు.

మొన్న ఆదివారం టిఫిన్ అయిందో లేదో, మావయ్యగారు బీరువాలోంచి ఒక నల్ల సంచి తెచ్చారు. అందులో హెచ్‌పీ-35. జేబులో పట్టే సైంటిఫిక్ కాలిక్యులేటర్లలో ప్రపంచంలోనే మొదటిది, 1972లో వచ్చింది. ధర 395 డాలర్లు, అప్పటి రేటులో దాదాపు మూడు వేల రూపాయలు. అమెరికాలో ఉన్న వాళ్ల అన్నయ్య తెచ్చిచ్చారట. ఇరిగేషన్‌లో తోటివాళ్లంతా లెక్కలకి స్లైడ్ రూల్ అనే జారుడు స్కేలు జరుపుకుంటుంటే, ఈయన ఇది జేబులో వేసుకుని తిరిగేవారట. తన చొక్కా జేబులో పట్టేలా చేయమని హెచ్‌పీ స్థాపకుల్లో ఒకడైన బిల్ హ్యూలెట్ చెప్పాడంటారు. ఆయన జేబు సంగతి తెలీదు గానీ, మావయ్యగారి చొక్కాలన్నీ ఎడమవైపు సాగిపోయేవని అత్తయ్యగారి ఫిర్యాదు.

"సెల్స్ కొత్తవి వేయించాను, ఒకసారి చూడండి" అన్నారు.

పాడైందని ఆయన అనలేదు. ఈ ముక్క నాకు ఆలస్యంగా వెలిగింది. ఆ ఇంట్లో నాతో 'చూడండి' అంటే 'బాగుచేయండి' అనే అర్థం. చూడ్డానికే చూడమనడం ఇదే మొదటిసారి.

స్విచ్ జరిపాను. ఎర్రగా ఒక సున్నా, పక్కన చుక్క. 2, ప్లస్, 3 నొక్కాను. అలవాటు కొద్దీ బొటనవేలు కుడివైపు అట్టడుగు బటన్ మీదికి వెళ్లింది.

3.141592654.

మళ్లీ కొట్టాను. పది బై రెండు. 3.141592654.

అప్పుడు వంగి చూశాను. ప్రపంచంలో ఏ కాలిక్యులేటర్‌లోనైనా సమానం ఉండే మూల, ఇక్కడ π (పై) గుర్తు కూర్చుని ఉంది. సరే, సమానం ఇంకెక్కడో ఉంటుంది కదా. వెతికాను. పై వరస నుంచి కిందికి, కింద నుంచి పైకి. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని. సైన్ ఉంది, కాస్ ఉంది, టాన్ ఉంది, వర్గమూలం ఉంది. మొత్తం 35 బటన్లు, అందుకే దానికా పేరు. పెళ్లి పందిట్లో మేళం, పురోహితుడు, బంధువులు, వీడియోవాడు అందరూ ఉండి, పెళ్లికొడుకు ఒక్కడు కనిపించకపోతే ఎలా ఉంటుంది? పైగా ఆ లేనివాడు ఎవరో అడగడానికి నాకు మొహమాటం. ఇంజనీరు అల్లుడు, మావగారి ముందు కూర్చుని, "సమానం ఎక్కడండీ?" అని ఎలా అడుగుతాడు?

వెడల్పాటి ఎంటర్ బటన్ ఒకటి కనిపించింది. కంప్యూటర్ వాడిని కదా, ప్రాణం లేచొచ్చింది. రెండూ మూడూ కలిపి ఎంటర్ కొట్టాను. 3 అంది. పదిని రెండుతో భాగించి ఎంటర్ కొట్టాను. 2 అంది. ఏం అడిగినా నేను ఆఖర్న అన్న అంకెనే నాకు అప్పజెబుతోంది. మీటింగుల్లో మా మేనేజరు సరిగ్గా ఇంతే. అంకె పక్కన ఆ చుక్కొకటి, ఇక మాట్లాడకు అన్నట్టు. చిరాకేసి అంతా చెరిపేసి ఊరికే భాగహారం బటన్ నొక్కితే, సున్నా టపటపా కన్ను కొట్టింది.

అక్కడైనా ఆగాల్సింది. ఆగలేదు. గొంతు సవరించుకుని, "లాజిక్ చిప్ పోయినట్టుంది మావయ్యగారూ. పాతకాలం సరుకు కదా. స్క్రూడ్రైవర్ ఉందా?" అన్నాను.

మావయ్యగారు పేపరు మడవలేదు. అత్తయ్యగారు మాత్రం వంటింట్లోంచి చేయి తుడుచుకుంటూ వచ్చి, "ముందు నా పాల లెక్క చూసుకోనీ బాబూ" అని అందుకున్నారు. 68, ఎంటర్, 30, ఇంటూ. నాలుగు సెకన్లు కూడా పట్టలేదు. 2040.

నా మొహం చూసి జాలిపడ్డారనుకుంటా. "అరవై ఎనిమిదిని ముప్పైతో హెచ్చవేయి అంటాం కదా బాబూ. హెచ్చవేయి అన్నమాట చివరే కదా వచ్చేది. అంకెలు రెండూ చెప్పాక, ఏం చేయాలో చెప్పాలి. ఇంక సమానం దేనికి?"

దాన్ని రివర్స్ పోలిష్ అంటారు. పోలండ్ తార్కికుడు వుకాషేవిచ్ గుర్తును అంకెల ముందు పెట్టాడు, తర్వాతివాళ్లు దాన్ని వెనక్కి తిప్పారు. ఇంజనీరింగ్‌లో దీని మీద పది మార్కుల ప్రశ్నకు జవాబు కూడా రాశాను. అసలు ఘోరం ఏమిటంటే, నేను పదిహేనేళ్లుగా అన్నం తింటున్న ఆ జావా కూడా లోపల్లోపల లెక్క చేసేది ఇలాగే. మావయ్యగారు ఇదంతా పేపరు చాటు నుంచి విన్నారు. పేపరు సన్నగా వణకడం నేను చూశాను. మధ్యాహ్నానికల్లా మా బావమరిది ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు: "బావగారికి సమానం దొరకలేదు." నెల్లూరులో ఉన్న పెద్దమ్మగారు కూడా నవ్వు బొమ్మ పెట్టారు. ఆవిడ నా పుట్టినరోజుకి ఏనాడూ ఏమీ పెట్టలేదు.

రాత్రి ఫోన్లో వెతికితే ఒక ఆశ తగిలింది. హెచ్‌పీ-35 మొదటి బ్యాచ్‌ల్లో ఒక తప్పు ఉండేదట. 2.02కి ఎల్ఎన్ బటన్‌తో లాగ్ తీసి, దాన్ని మళ్లీ వెనక్కి తిప్పే 'e పవర్ x' బటన్ నొక్కితే, 2.02 బదులు ఉత్త 2 వచ్చేదట. పదకొండున్నరకి పిల్లిలా లేచి బీరువా తెరిచాను. 2.02. ఎల్ఎన్. e పవర్ x. ఈసారి వరస తప్పలేదు. ఒక్క రెండు రావాలి స్వామీ, పొద్దున్నే టిఫిన్ దగ్గర అందరి ముందూ చూపిస్తాను.

రాలేదు. తప్పు దిద్దాక వచ్చిన బ్యాచ్ కాబోలు.

వెనక లైటు వెలిగింది.

"నిద్ర పట్టలేదా అల్లుడుగారూ?" అన్నారు మావయ్యగారు. "కింది అరలో మా నాన్నగారి రేడియో ఉంది. పన్లోపని, అదీ ఒకసారి చూడండి."