రక్త పరీక్షకు అందని పాలిప్

కాస్త రక్తం తీసి పెద్దపేగు క్యాన్సర్‌ను పసిగట్టగలిగితే ఇక కొలొనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టాన్ని పేగులోకి పంపి చూడడం)తో, మల పరీక్షతో పనేముంది? 45 ఏళ్లు, ఆపై వయసు ఉండి సాధారణ ముప్పు ఉన్నవారి కోసం ‘షీల్డ్’ రక్త పరీక్షకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 జులైలో ఆమోదం తెలిపాక ఈ ప్రశ్నకు బలం వచ్చింది.

ఇలాంటి ఆశ పాతదే. 1965లో వెలుగులోకి వచ్చిన, రక్తంలో కొలిచే సీఈఏ అనే ప్రొటీన్ మీదా ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. అది పొగతాగేవారిలోనూ పెరుగుతుంది, తొలి దశ క్యాన్సర్‌లో చాలాసార్లు పెరగనే పెరగదు. చివరికి, చికిత్స తర్వాత జబ్బు తిరగబెట్టిందేమో చూడడానికి మిగిలింది.

షీల్డ్ దానికంటే ఎంతో మెరుగు. కణితి రక్తంలోకి వదిలే డీఎన్‌ఏ ముక్కలను, వాటిపై ఉండే మిథైలేషన్ (డీఎన్‌ఏకు అంటుకునే రసాయన) గుర్తులను అది వెతుకుతుంది. దాదాపు 8 వేల మందిపై జరిగిన అధ్యయనంలో, క్యాన్సర్ ఉన్న ప్రతి 100 మందిలో 83 మందిని పట్టుకుంది. ప్రచారమంతా ఈ అంకె గురించే. నన్ను ఆపింది మాత్రం మరో అంకె: క్యాన్సర్‌గా మారే ముప్పు ఎక్కువగా ఉన్న పాలిప్‌లను (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండలను) అది గుర్తించింది 100కు 13 మందిలోనే. క్యాన్సర్ గానీ అలాంటి పాలిప్‌లు గానీ లేనివారిలోనూ 100కు 10 మందికి పాజిటివ్ చూపింది. 13కూ 10కీ తేడా ఎంత? పాలిప్‌ల వరకు ఇది దాదాపు చీటీలు తీయడమే.

దీన్ని యంత్రం లోపం అనుకోలేం. పాలిప్ పేగు లోపలి పొర మీద పెరుగుతుంది, రక్తనాళాల్లోకి చొచ్చుకుపోదు. దాని నుంచి రాలే కణాలు మలంలో కలుస్తాయి. మలంలోని డీఎన్‌ఏను చూసే పరీక్ష ఇలాంటి పాలిప్‌లను 100కు 40కి పైగా పట్టుకోవడానికి ప్రధాన కారణం ఇదే. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా దాదాపు పదేళ్లు పడుతుంది. ఆలోగా కొలొనోస్కోపీలో తీసేస్తే దాని నుంచి క్యాన్సరే రాదు. రక్త పరీక్ష జబ్బును ముందుగా చెప్పగలదు కానీ, జబ్బు రాకుండా ఆపే ఈ అవకాశాన్ని చాలావరకు వదిలేస్తుంది.

ఏ పరీక్షకూ ఒప్పుకోనివారికి రక్త పరీక్ష నిస్సందేహంగా మేలే. చిక్కల్లా, ఇప్పటికే మల పరీక్ష చేయించుకుంటున్నవారు సులువుగా ఉంది కదా అని ఇటు మారితేనే. పైగా పాజిటివ్ వస్తే కొలొనోస్కోపీ తప్పదు. దానికి భయపడే రక్త పరీక్షను ఎంచుకున్న మనిషి అప్పుడు వెనకడుగు వేస్తే పరీక్ష చేసీ లాభం లేదు. అందుకే వైద్యులు కొలొనోస్కోపీ, మల పరీక్షల గురించి వివరించాకే దీని మాట ఎత్తాలి. నెగటివ్ నివేదికపై ‘పాలిప్‌లు లేవని దీని అర్థం కాదు’ అన్న వాక్యం పెద్ద అక్షరాల్లో ఉండాలి.